పై మెతుకు

అన్నం ఉడికిందో లేదో చూడాలంటే కుండంతా కలపనక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఈ సామెత నాకు నోట్లో నానే మాట. యూనివర్సిటీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం నాది. రాసిన ప్రోగ్రామును పిల్లలు మొదటి నుంచి చివరిదాకా మళ్ళీ నడిపి చూస్తామని కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది. "ఒక్క మెతుకు చాలు, లేవండి" అంటాను. పోయిన వేసవిలో ఇదే మాట మా అత్తతో అన్నాను. అప్పటి నుంచి కుక్కర్ మూత తీసి మెతుకు పట్టబోతే ముఖం వేడెక్కుతుంది, గరిటెతో అడుగుదాకా కలిపి చూస్తున్నాను.

మేము అనంతపురం వైపు వాళ్ళం. మా ఆయనది కూడా ఈ క్యాంపస్‌లోనే ఆఫీసు ఉద్యోగం. తార్నాకలో అపార్ట్‌మెంట్లో ఉంటాం, అత్త మాతోనే. మా వైపు చుట్టాల్లో ఏ ఇంట్లో బిడ్డను తొట్టిల్లో వేసినా పాట మా అత్తదే. పిలిస్తే బస్సెక్కి వెళ్ళి పాడి వచ్చేది. కొన్నేళ్ళ కిందట గొంతులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కింది, గొంతు పోయింది. పెదవులు మామూలుగానే ఆడతాయి, చప్పుడు రాదు. చదువు సంతకం వరకే కాబట్టి రాసి చూపించే వీలూ లేదు.

మా ఆయన వాళ్ళమ్మ పెదవులు చూసి మాట తీసుకుంటాడు. ఎదురు ఫ్లాట్లో ఉండే అక్క కూడా తీసుకుంటుంది. ఆమెది ఈ ఊరే, పొద్దున్నే అత్తను వెంటబెట్టుకుని క్యాంపస్‌లో చెట్ల కింద నడకకు వెళ్తుంది. ఇద్దరూ నడుస్తూ ఏదో చెప్పుకుని నవ్వుకోవడం నేను ల్యాబ్‌కి వెళ్తూ చాలాసార్లు చూశాను. నాకొక్కదానికే చేతకాలేదు. చేతకాలేదనడం కూడా అబద్ధమే, నేను ఆగి చూస్తే కదా. ఆమె పెదవి కదిలీ కదలకముందే "కాఫీయా? ఫ్యానా? టీవీయా?" అని వరసగా అడిగేసేదాన్ని. ఆమె ఏదో ఒకదానికి తల ఊపేది. నా ప్రశ్నల బాధ పడలేక ఊపేదని ఇప్పుడు అనిపిస్తుంది.

పోయిన వేసవిలో మా అమ్మాయికి మా ఇంట్లోనే పురుడు. ఆడపిల్ల పుట్టింది. బిడ్డను తొట్టిల్లో వేసే పండగ కూడా మా ఇంట్లోనే అనుకున్నాం. అల్లుడి వాళ్ళది గోదావరి వైపు, వాళ్ళు బారసాల అన్నారు. ఎదురింటి అక్క తొట్లె అన్నది. ఎవరేమన్నా బిడ్డ ఒకటే, తొట్టిలి ఒకటే. కానీ పాట?

"జేజి పాట లేకుండా నా బిడ్డను తొట్టిల్లో వెయ్యను" అని మా అమ్మాయి పట్టుబట్టింది. మా వైపు నాన్నమ్మను జేజి అంటాం, దానికి జేజి అంటే ప్రాణం. ఆ మాట విని అత్త లేచి వెళ్ళి బీరువా తెరిచింది. పట్టుచీర మడతల్లోంచి, వేపాకుల మధ్య నుంచి, గుడ్డలో చుట్టిన చిన్న వీడియో క్యాసెట్టు తీసి నా చేతిలో పెట్టింది. మా అమ్మాయిని తొట్టిల్లో వేసిననాటిది. మా ఆయన అప్పుడే కొన్న కెమెరాతో తీశాడు. అత్త గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే. పండగనాడు ఆమె తొట్టిలి పక్కన కూర్చుంటుంది, టీవీలోంచి ఆమె గొంతే పాడుతుంది, మునిమనవరాలు ఆ పాటకు నిద్రపోతుంది. అదీ మేము అనుకున్నది. అత్త ఆ రోజు నుంచి దినాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

నాకు ఇంకొకటి కూడా ఉండింది. వియ్యపురాలు టీచరు, మాటకారి. వాళ్ళ ఇంట్లో పెళ్ళి వీడియోలన్నీ సినిమాల్లా ఉంటాయి. మా ఇంట్లోనూ ఏమీ తక్కువ లేదని చూపించుకోవాలని నా ఆరాటం. ఆ క్యాసెట్టు నాలో ఈ దురద కూడా లేపింది.

పాత కెమెరా అటకమీద దొరికింది. దాన్ని కంప్యూటర్‌కి కలిపే తీగ కోసం మా ఆయన ముషీరాబాద్‌లో దుకాణాలన్నీ తిరిగి ఒకటి పట్టుకొచ్చాడు. టేపు మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించాం. ఆ ఫైలు కొండంత అయింది, టీవీలో ఆడదు. దాన్ని కుదించి, టీవీకి అర్థమయ్యే రూపంలోకి మార్చాలి. మామూలు పద్ధతిలో ఒక పూటంతా పడుతుందని కంప్యూటర్ చూపించింది. పూటంతానా? నేనేంటి, పూటంతా కూర్చోవడమేంటి?

ల్యాబ్‌లో ఈ పనులకు ఏం వాడతారో నాకు తెలుసు. కంప్యూటర్‌లో ప్రాసెసర్ ఇంటి ఇల్లాలులాంటిది, అన్ని పనులూ తనే చేస్తుంది కాబట్టి ఏదీ తొందరగా తెమలదు. గ్రాఫిక్స్ కార్డులో వీడియో మార్చడానికే పెట్టిన భాగం ఒకటుంటుంది. హార్డ్‌వేర్ యాక్సెలరేటర్ అంటారు. పండక్కి పూరీలు వత్తడానికే పిలిపించిన మనిషనుకోండి. ఇంకో పని ముట్టుకోదు, ఆ ఒక్క పని మాత్రం చూస్తుండగానే అవగొడుతుంది. మా ఇంటి కంప్యూటర్‌కి అలాంటి కార్డు తెచ్చి బిగించాను.

"ఇక చూడండి స్పీడు" అన్నాను.

అత్త మా ఆయన మోచెయ్యి పట్టుకుని పెదవులు కదిపింది. ఆయన నా వైపు తిరిగాడు. "స్పీడు పెంచితే పాట కూడా పరుగెత్తుతుందేమో అంటోంది అమ్మ."

నేను పకపకా నవ్వాను. "పాట పరుగెత్తదు అత్తా, పని పరుగెత్తుతుంది" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? ఫోన్లో వియ్యపురాలికి చెప్పి నవ్వాను, ల్యాబ్‌లో చెప్పి నవ్వాను. వాళ్ళూ నవ్వారు. అత్త ఆ రోజు గదిలోంచి బయటికి రాలేదు, ఎండకు పడుకుందనుకున్నాను.

వీడియోలో ప్రతి బొమ్మకూ అది ఏ క్షణంలో కనబడాలో పక్కనే గుర్తు ఉంటుంది. టేపు అరిగిన చోటల్లా కొన్ని బొమ్మలు జారిపోతాయి. గుర్తులు చూసుకుంటూ పోతే, జారిన చోట ముందు బొమ్మే ఇంకాసేపు నిలబడుతుంది, మాట తప్పిపోదు. ఇది నాకు తెలియనిదా? తెలుసు. ఆ గుర్తులు చూసే పద్ధతి పెడితే ఆ కార్డు మాటిమాటికీ ఆగుతోంది. ఆగితే నాకు కోపం. గుర్తులు వదిలెయ్యమని చెప్పాను. అప్పుడు చూడాలి, గుర్రంలా పరుగెత్తింది. కాఫీ కలుపుకొచ్చేలోపు వీడియో తయారు.

టీవీలో పెట్టాను. మొదట్లో తొట్టిలికి పూలు కట్టడం, పసుపు కుంకుమలు. అందులో అత్త కెమెరా కేసి చూసి, "ఏందిరా, ఆ యంత్రం నా మొగానికే పెట్నావు, బిడ్డ మొగానికి పెట్టు" అంది. ఎన్నేళ్ళకో విన్న గొంతు. మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. పెదవులకూ మాటకూ ఇసుమంత తేడా లేదు. "అయిపోయింది, బ్రహ్మాండంగా వచ్చింది" అని ఆపేశాను.

అత్త చెయ్యి చాపి, వేలు గాల్లో ముందుకు జరిపి చూపించింది. ఇంకా ముందుకు పోనీ, చివరిదాకా చూద్దాం అని. ఆ సైగ నాకు కూడా అర్థమైంది.

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలదా అత్తా? మొత్తం పండగనాడు చూద్దాం" అన్నాను. కంప్యూటర్ నిండిపోయి ఉంది, అల్లుడి ఫోటోలకు చోటు కావాలి. టేపు నుంచి ఎక్కించిన ఆ పెద్ద ఫైలు అప్పుడే చెరిపేశాను.

పండగనాడు ఇల్లంతా జనం. హాల్లో కొక్కేనికి తొట్టిలి వేలాడదీశాం. మా ఆయన కింద భోజనాల దగ్గర ఉన్నాడు. వియ్యపురాలు, వాళ్ళ చెల్లెళ్ళు సోఫాలో ముందు కూర్చున్నారు. అత్త ఆ పట్టుచీరే కట్టుకుని తొట్టిలి పక్కన కుర్చీలో కూర్చుంది. అల్లుడు ఫోన్లో వీడియో తీస్తున్నాడు. నేను రిమోట్ పట్టుకుని ఈ పని ఎంత తొందరగా అయిందో చెప్పడం మొదలుపెట్టాను. విన్నవాళ్ళు విన్నారు.

మొదట బాగానే నడిచింది. పసుపు కుంకుమలు అయ్యేసరికి మాట కొంచెం వెనకబడింది. ఎవరూ గమనించలేదులే అనుకున్నాను. పాట దగ్గరికి వచ్చేసరికి పూర్తిగా తప్పింది. పాడటానికి అత్త నోరు తెరుస్తుంది, చప్పుడు లేదు. నోరు మూసి బిడ్డను చూసి నవ్వుతుంది, అప్పుడు పాట వినిపిస్తుంది. ఆనాడు కెమెరా పట్టిన మా ఆయన బిడ్డను వదిలేసి వాళ్ళమ్మ ముఖాన్నే దగ్గరగా తీసి ఉన్నాడు, టీవీ నిండా ఆమె పెదవులే. జారిపోయిన ప్రతి బొమ్మకూ పెదవులు ముందుకు వెళ్ళిపోయాయి, గొంతు వెనక మిగిలిపోయింది. గొంతు లేని మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, నోరూ గొంతూ విడిపోయిన ఆ బొమ్మను అందరికీ చూపిస్తున్నాను.

సోఫాలో ఎవరో "డబ్బింగ్ సినిమాలా ఉందండీ" అన్నారు. పిల్లలు నవ్వారు. వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకు తల తీసేసినట్టయింది. అలాంటప్పుడు నా నోరు నా మాట వినదు. "టేపు పాడైపోయిందండీ. మా అత్తగారు ఇన్నేళ్ళూ చీరల మడతల్లో, ఆ వేపాకుల్లో పెట్టి దాచారు. చెప్తే వినరు. తేమ పట్టిపోయింది" అన్నాను. చెప్పిందీ లేదు, వినకపోయిందీ లేదు. ఆ క్యాసెట్టు ఇంట్లో ఉందన్న సంగతే నాకు తెలియదు. నోటికొచ్చిన అబద్ధం అది.

అత్త వియ్యపురాలి వైపు తిరిగి పెదవులు కదిపింది. చాలాసేపు కదిపింది. నన్నే తిడుతోందనుకున్నాను. ఇంతమందిలో నా పరువు తీస్తోందని ఇంకా మండింది. వియ్యపురాలికి ఏమీ అర్థం కాక నా వైపు చూసింది. "ఏదో అంటారులెండి" అని టీవీ కట్టేశాను. అత్త చెయ్యి తొట్టిలి అంచు మీదే ఉంది. పాట లేకుండానే బిడ్డను ఊపారు.

మర్నాడు అత్త నడకకు వెళ్ళలేదు. నేను ల్యాబ్‌కి వెళ్తుంటే క్యాంపస్ రోడ్డు మీద ఎదురింటి అక్క ఒక్కతే కనిపించింది. పండగలో ఆమె అత్త కుర్చీ పక్కనే నిలబడింది.

"ఏంది చెల్లె, గట్ల జేస్తివి" అన్నది.

"టేపు నిజంగానే పాతదక్కా" అన్నాను.

"టేపు సంగతి నాకు తెల్వది. పెద్దమ్మకు తిరిగి అననీకి గొంతు లేదు గద, గందుకే ఆమె మీదేస్తివి."

"ఆమె అనలేదా? అందరి ముందూ నన్ను తిట్టలేదా?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "ఆమె ఏమన్నదో నీకు తెల్వదా?"

"ఏమన్నది?"

"నన్నడుగుతవేంది. ఒక్క ఇంట్ల ఉంటున్నరు. నువ్వే తెలుసుకో" అని నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ల్యాబ్‌లో కూర్చుంటే ఒక్క అక్షరం కనబడలేదు. కార్డును తిట్టుకుందామంటే, అది చెప్పిన పని చెప్పినట్టే చేసింది. సాయంత్రం ఇంటికొచ్చి క్యాసెట్టును మళ్ళీ ఎక్కిద్దామని కెమెరాలో పెట్టాను. వెనక్కి తిప్పడానికి కూడా నాకు తొందరే, వేగంగా తిప్పే మీట నొక్కాను. లోపల టక్కుమంది. తీసి చూస్తే టేపు తెగి, కెమెరా లోపలి చక్రాల పళ్ళకు చుట్టుకుని నలిగిపోయి వచ్చింది. అప్పుడు నిజంగానే పాడైంది, నా చేతుల్లోనే. ఇక అత్త గొంతంటే నేను పాడుచేసిన ఆ వీడియో ఒక్కటే.

అత్త ముందు కూర్చుని తెగిన టేపు చూపించాను. ఏడుపొచ్చింది. ఆమె టేపును చేతిలోకి తీసుకుంది, మళ్ళీ అదే గుడ్డలో చుట్టింది. తర్వాత నా వైపు చూసి బొటనవేలూ చూపుడువేలూ కలిపి నలిపింది. మెతుకు పట్టి చూసినట్టు. కోపమో ఎగతాళో తెలియలేదు. రెండూ అయినా నాకు తగిందే.

బాగుచెయ్యడానికి ఒకటే దారి మిగిలింది. గొంతును ముక్కలుగా కోసి, ఒక్కొక్క మాటనూ జరిపి, ఒక్కొక్క పెదవి కదలిక కింద పెట్టాలి. జారిన బొమ్మలు ఒక్కచోటే జారలేదు, దారంతా జారాయి, అందుకని ఒకేసారి జరిపితే కుదరదు. ఈ పనికి ఏ కార్డూ సాయం రాదు. ఏ మాట ఎక్కడ మొదలవుతుందో చెప్పగలిగేది అత్త ఒక్కతే. వేసవి సెలవుల్లో మధ్యాహ్నాలు ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. నేను బొమ్మను మెల్లగా ముందుకు జరుపుతాను. మాట మొదలయ్యే చోట ఆమె నా మోకాలి మీద వేలితో తడుతుంది. అక్కడ ఆపి ముక్క పెడతాను. కుదరకపోతే ఇంకోసారి తడుతుంది. నేను విసుక్కుంటే తట్టడం మానేసి చేతులు ముడుచుకుని కూర్చునేది. నేను దారికొచ్చాక మళ్ళీ తట్టేది.

పాట చిన్నదే. "తొందరేలమ్మా పాపా, తొట్టిల్లో ఉన్నావు" అని మొదలవుతుంది, ప్రతి చరణం చివరా "పాపా" అని వస్తుంది. చివరి చరణంలో మా అమ్మాయి పేరు. అన్ని మధ్యాహ్నాలు ఒకే ముఖాన్ని చూస్తే నాకూ అలవాటు పడింది. ప, బ, మ అన్నప్పుడు పెదవులు కలుస్తాయి. ఉ అన్నప్పుడు ముందుకు వస్తాయి. ల అంటే నాలుక కొన పళ్ళ మీద కనబడుతుంది. కొన్నాళ్ళకు ఆమె తట్టకముందే నా చెయ్యి ఆగడం మొదలైంది. అలాంటప్పుడు ఆమె నా మోకాలు నొక్కి వదిలేది. ఇంట్లో కూడా ఒకరోజు ఆమె ఏదో అంటుంటే నేను ఆగాను. "పులుసులో ఉప్పెక్కువైంది మే" అంది. ఇన్నేళ్ళలో నాకు ఆమె నుంచి నేరుగా అందిన మొదటి మాట అదే. నవ్వొచ్చింది.

పాట కుదిరాక అమ్మాయికి పంపించాను. అది బదులుగా పండగనాడు అల్లుడు ఫోన్లో తీసిన వీడియో పంపింది. "జేజి ఎంత బాగా కనబడుతోందో చూడమ్మా, తొట్టిలి పక్కన" అని.

తెరిచాను. తొట్టిలి, పూలు, బిడ్డ పిడికిళ్ళు. వెనకాల టీవీలో తప్పిన పాట. తర్వాత నా గొంతు. నా గొంతు అంత కరుగ్గా ఉంటుందని నాకు తెలియదు. "చెప్తే వినరు." అప్పుడు అల్లుడు ఫోను పక్కకు తిప్పాడు, అత్త ముఖం నిండుగా వచ్చింది. పెదవులు కదులుతున్నాయి.

మొదట చివరి మాట పట్టుకున్నాను. పెదవులు కలిశాయి, విడిపోయి మళ్ళీ కలిశాయి, మళ్ళీ కలిసి అలాగే మూసుకున్నాయి. పాపం. పాటలో ఎన్నిసార్లు చూశానో ఆ పాపను, ఇది పాపం. వెనక్కి జరిపి మొదటి నుంచి చూశాను. మళ్ళీ చూశాను. నమ్మబుద్ధి కాక ఇంకోసారి చూశాను.

"నిజమేమ్మా. నేనే సరిగ్గ పెట్టుకోల్య. మా కోడలేం జేస్తాది, పాపం."

వియ్యపురాలితో అంటున్నది అదీ. నేను వేసిన నిందను నెత్తిన వేసుకుని, నా పరువు కాపాడుతోంది. ఆమె అలా అంటుండగానే నేను "ఏదో అంటారులెండి" అని టీవీ కట్టేస్తున్నాను. అది కూడా ఆ వీడియోలో వినబడింది.

అత్త వంటింట్లో కింద కూర్చుని బియ్యం ఏరుతోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "అత్తా, పండగనాడు మా వియ్యపురాలితో ఏమన్నారు మీరు?"

ఆమె చేట మీంచి తలెత్తి నన్ను చూసింది. పెదవులు కదిలాయి. "గుర్తులేదు మే."

ఈసారి ఒక్కసారికే అందింది. అబద్ధమని కూడా అందింది. అక్కడే, ఆమె పక్కనే కూర్చుని వియ్యపురాలికి ఫోన్ చేశాను. అత్త వద్దని చెయ్యి ఊపుతూనే ఉంది.

"వదినగారూ, పండగనాడు నేను మా అత్తగారి మీద అబద్ధం చెప్పాను. ఆ టేపును ఆవిడ పువ్వులా దాచారు. పాడు చేసింది నేను, నా తొందర" అన్నాను.

"ఏ టేపండీ వదినగారూ?" అంది వియ్యపురాలు.

చెప్పాను. తొట్టిలి, పాట, టీవీ. "ఏమోనండీ, నాకు గుర్తే లేదు. పాపాయి ఏడుపులో ఎవరు చూశారండీ టీవీ. పులిహోర మాత్రం బ్రహ్మాండంగా ఉంది ఆరోజు" అని నవ్వింది.

ఎవరి ముందు తలవంపులని అత్త మీద వేశానో, ఆమెకు గుర్తు లేదు. ఎవరి మీద వేశానో, ఆమె గుర్తులేదు అంది. ఇక గుర్తున్నది నాకొక్కదానికే. ఫోను పక్కన పెట్టి, అత్త చేటలోంచి నాక్కొంచెం బియ్యం తీసుకుని ఏరడం మొదలుపెట్టాను.